బిగ్ బేసిన్: కాలిన అడవిలో కార్లు ఎక్కడ ఆపాలి?

కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్క్ 2022 జూలై 22న మళ్లీ గేట్లు తెరిచింది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన కార్చిచ్చులో పార్కు విస్తీర్ణంలో 97 శాతం కాలింది. తెరిచారన్న మాటే గానీ, పాత రోజుల్లోలా కారేసుకుని వెళ్లి, మానుల నీడలో ఆపి, స్టోర్‌లో కాఫీ కొనుక్కుని నడక మొదలుపెట్టే వీలు లేకపోయింది. పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలన్నారు. ఆ స్లాట్లు కూడా రోజుకు కొన్ని పదులే. రాత్రి బస లేదు, క్యాబిన్లు లేవు, టాయిలెట్లు తాత్కాలికంగా తెచ్చి పెట్టినవి, తాగే నీళ్లు ఎవరివి వాళ్లే మోసుకెళ్లాలి.

శాన్‌హోసే, కుపర్టినో, సన్నీవేల్, ఫ్రీమాంట్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఇది వారాంతంలో పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇంటికొచ్చేసే దూరంలో ఉన్న అడవి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే గోల్డెన్ గేట్ తర్వాత చూపించే చోట్లలో రెడ్‌వుడ్ చెట్లు తప్పకుండా ఉంటాయి. కాబట్టి "పార్కు మళ్లీ మామూలుగా ఎప్పుడవుతుంది?" అని అడగడం సహజమే. కానీ బిగ్ బేసిన్ చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఆ పాత మామూలు తిరిగి రాకపోవడమే మంచిదనిపిస్తుంది. నూట ఇరవై ఏళ్లుగా మనుషుల సంఖ్య గురించి జరిగినంత చర్చ వాళ్ల కోసం కట్టినవి ఎక్కడ ఉండాలన్నదాని గురించి జరగలేదు. అడవికి జరిగిన నష్టంలో పెద్ద భాగం అక్కడే ఉంది.

శాన్‌హోసేకి నైరుతిగా, పసిఫిక్ తీరానికి ఆనుకుని ఉన్న శాంతాక్రూజ్ కొండల్లో 18 వేల ఎకరాలకు పైగా ఉంది ఈ పార్కు. కొండ మీది నుంచి వాడెల్ బీచ్ దాకా, అంటే ఎండు గట్ల నుంచి సముద్రపు ఇసుక వరకు ఒకే పార్కులో నడిచి దిగొచ్చు. దీని గుండె మాత్రం మధ్యలో ఉన్న లోయ. అక్కడి రెడ్‌వుడ్‌లలో వెయ్యేళ్లు దాటినవి చాలా ఉన్నాయి. కొన్ని మూడు వందల అడుగుల ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. వేసవిలో ఇక్కడ వాన దాదాపు పడదు. సముద్రం మీది నుంచి వచ్చే పొగమంచే చెట్లకు ఆధారం. ఆకుల మీద చేరిన తేమను చెట్టు నేరుగా కొంత పీల్చుకుంటుంది, మిగతాది చుక్కలుగా రాలి వేళ్లకు చేరుతుంది. బిగ్ సర్ నుంచి ఆరెగాన్ దక్షిణపు అంచు దాకా ఉన్న సన్నని తీరపు పట్టీ తప్ప ఈ చెట్టు సహజంగా పెరిగే చోటు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఒకప్పుడు సుమారు 20 లక్షల ఎకరాల్లో ఉన్న ఈ పాత అడవిలో ఇప్పుడు నరకకుండా మిగిలింది దాదాపు 5 శాతం. మిగతాది ఇళ్ల కలపగా, రైలు పట్టాల కింద స్లీపర్లుగా, కంచెలుగా మారింది. 1906 భూకంపం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోను తిరిగి కట్టడానికి కూడా ఇదే కలప వెళ్లింది.

ఆ గొడ్డలి బిగ్ బేసిన్ దాకా రాకుండా ఆగడానికి మొదటి కారణం ఒక ఫొటోగ్రాఫర్‌కు జరిగిన అవమానం. 1899లో ఈ కొండల్లో ఒక పెద్ద మంట లేచింది. నీళ్లు చాలక ఒకచోట ద్రాక్షతోట వాళ్లు వైన్ పోసి ఆర్పారన్న కబురు ఇంగ్లండు దాకా వెళ్లింది. అక్కడి ఒక పత్రిక ఆ కథనానికి ఫొటోలు కావాలని శాన్‌హోసేలో ఉండే చిత్రకారుడు ఆండ్రూ హిల్‌కు పని అప్పగించింది. 1900లో ఫెల్టన్ దగ్గర ఒక ప్రైవేటు రెడ్‌వుడ్ తోపులో ఆయన ఫొటోలు తీస్తుంటే యజమాని అడ్డుపడి, నెగటివ్‌లు ఇచ్చేసి వెళ్లమన్నాడు. ఇంతటి చెట్లు ఒక మనిషి ఇష్టాయిష్టాల మీద ఆధారపడి ఉండటమేంటని హిల్ ఆ రోజే పట్టుబట్టాడు. అదే మంటలో ఇల్లు పోగొట్టుకున్న రచయిత్రి జోసెఫిన్ మెక్రాకిన్ పత్రికకు రాసిన లేఖ, శాన్‌హోసే మహిళా సంఘం పట్టుదల తోడయ్యాయి. అదే ఏడాది మేలో బిగ్ బేసిన్‌లోకి వెళ్లిన ఒక చిన్న బృందం, స్లిప్పరీ రాక్ అనే బండ దగ్గర చలిమంట చుట్టూ కూర్చుని, ఈ చెట్లను కాపాడటానికి సెంపర్‌వైరెన్స్ క్లబ్ పెట్టుకుంది. చందాల కోసం టోపీ తిప్పితే 32 డాలర్లు పోగయ్యాయి. రెండేళ్లలో రాష్ట్రం 3,800 ఎకరాలు కొన్నది. కాలిఫోర్నియాలో ఇప్పుడున్న స్టేట్ పార్కులన్నిటిలోకీ పాతది అలా పుట్టింది. హిల్‌ను వెళ్లగొట్టిన ఫెల్టన్ తోపు కూడా తర్వాత కాలంలో హెన్రీ కోవెల్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో కలిసింది.

నరకడం ఆగింది. ఆ వెంటనే మనుషుల కోసం కట్టడం మొదలైంది. అప్పటివాళ్ల దృష్టిలో పార్కు అంటే వేసవి విడిది. కుటుంబాలు వేసవంతా అక్కడే గడిపేవి. లోయ మధ్యలో, సరిగ్గా పెద్ద మానుల కిందే సత్రం, క్యాబిన్లు, రెస్టారెంటు, పోస్టాఫీసు, మంగలి షాపు, పెట్రోలు బంకు, టెన్నిస్ కోర్టులు, డాన్సు వేదిక, ఈతకొలను వెలిశాయి. 1936లో నిరుద్యోగ యువకుల దళం దుంగలతో అందంగా కట్టిన ప్రధాన కార్యాలయం కూడా అక్కడే. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. చెట్టును కొట్టకపోతే చాలు, అడవిని కాపాడినట్టేనని ఆ కాలం నమ్మింది.

తర్వాత చట్టం మారింది. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం స్టేట్ పార్క్ వేరు, స్టేట్ రిక్రియేషన్ ఏరియా వేరు. రెండోది పడవలు, ఆటలు, బసల కోసమే ఏర్పాటు చేసేది. స్టేట్ పార్కులో మాత్రం ప్రకృతిని ఆస్వాదించడానికి నేరుగా పనికొచ్చే సౌకర్యాలే ఉండాలి. బయట దగ్గర్లో దొరికేదాన్ని లోపల మళ్లీ కట్టకూడదు. ఈతకొలను, డాన్సు వేదిక పోయాయి. కార్ల పార్కింగ్, స్టోర్, క్యాంపులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. అలవాటైపోయిన చోటు నుంచి ఒక పార్కింగ్‌ను కదపడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

అలా ఉండిపోవడం వల్ల ఏం జరిగిందో తెలియాలంటే మార్బుల్డ్ మర్రెలెట్ అనే చిన్న పక్షి కథ చూడాలి.

ఇది సముద్రపు పక్షి. రోజంతా అలల మీద ఉంటుంది, చేపలు పట్టుకు తింటుంది. కానీ గుడ్డు పెట్టడానికి మాత్రం మైళ్ల కొద్దీ లోపలికి ఎగిరి, వందల ఏళ్ల చెట్ల మీద నాచు పట్టిన వెడల్పాటి కొమ్మను వెతుక్కుంటుంది. గూడంటూ కట్టదు. నాచులో చిన్న గుంట చాలు. ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. తెల్లవారుజామున మసక వెలుతురులో వచ్చి వెళ్లిపోతుంది కాబట్టి ఇది ఎక్కడ పొదుగుతుందో పక్షి శాస్త్రవేత్తలకు చాలాకాలం అంతు చిక్కలేదు. గూడు చూపించినవారికి బహుమానం కూడా ప్రకటించారు. చివరికి 1974 ఆగస్టులో బిగ్ బేసిన్‌లోనే అది దొరికింది. క్యాంపు చేసేవాళ్ల మీద పడతాయేమోనని ప్రమాదకరమైన కొమ్మలు నరకడానికి చెట్టెక్కిన పనివాడికి, నేలకు 140 అడుగులకు పైన కొమ్మ మీద ఒక పిల్ల కనిపించింది. అంటే ఆ పక్షి పిల్లను పెంచుతున్నది జనం టెంట్లు వేసుకునే చోటుకి సరిగ్గా పైన. ఉత్తర అమెరికాలో ఈ పక్షి గూడును శాస్త్రీయంగా నమోదు చేయడం అదే మొదటిసారి.

1992లో కాలిఫోర్నియా దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. శాంతాక్రూజ్ కొండల్లో పొదిగేవి ఇప్పుడు కొన్ని వందలే. ప్రధాన కారణం పాత అడవుల నరికివేత. రెండోది సముద్రంలో చమురు ఒలికిపోవడం. మూడో కారణం పార్కుకు వచ్చేవాళ్ల చేతుల్లో ఉంది: కింద రాలే తిండి.

రెడ్‌వుడ్ అడవి లోపల తిండి తక్కువ. అందుకే అక్కడ స్టెల్లర్స్ జే అనే నీలిరంగు పక్షులు మామూలుగా పలచగానే ఉంటాయి. పిక్నిక్ బల్లలు, క్యాంపులు ఉన్నచోట మాత్రం చాలా రెట్లు ఎక్కువగా చేరతాయి. చిప్స్ తునకలు, బ్రెడ్ ముక్కలు, పిల్లలు పారబోసుకున్న పాప్‌కార్న్ వాటికి ఏడాది పొడవునా ఉచిత భోజనం. కింద తిండి అయిపోగానే అవి పైకెళ్లి కొమ్మలు గాలిస్తాయి. గుడ్డు కనిపిస్తే పొడిచి తాగేస్తాయి, పిల్ల కనిపిస్తే చంపుతాయి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షికి ఇది తట్టుకోలేని దెబ్బ. పైగా జే తెలివైనది. ఒకసారి ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకుంటుంది.

ఈ జే మన కాకికి చుట్టమే, ఒకే కుటుంబం. మన ఇళ్లలో కాకికి ఓ ముద్ద పెట్టడం పుణ్యం. తద్దినం రోజున కాకి ముట్టేదాకా గోడ మీద విస్తరి వైపే చూస్తూ నిలబడతాం. ఆ అలవాటుతో పెరిగినవాళ్లకు దగ్గరికొచ్చిన పక్షికి పులిహోర మెతుకులు వేయడం తప్పుగా తోచదు. కానీ ఊరి కాకి వేరు, ఈ అడవి వేరు. ఇక్కడ వేసిన మెతుకు, నూటనలభై అడుగుల పైన కంటికి కనిపించని ఇంకో ప్రాణానికి చేటు. ఇది తెలిశాక ఎవరూ కావాలని చేయరు. తెలియకపోవడమే ఇబ్బంది.

1998లో ఈ తీరంలో కమాండ్ అనే ఓడ నుంచి చమురు ఒలికింది. ఆ కేసులో వచ్చిన పరిహారంలో కొంత ఈ పక్షి రక్షణకు మళ్లించారు. పక్షులు తెరవలేని చెత్తడబ్బాలు పెట్టారు. క్యాంపు దగ్గర తిండి దాచుకోవడానికి తలుపులున్న పెట్టెలు పెట్టారు. "ఒక్క నలుసు కూడా వదలొద్దు" అనే ప్రచారం నడిపారు. ఇంకో అడుగు ముందుకేసి, కోడిగుడ్లకు మర్రెలెట్ గుడ్ల రంగు, మచ్చలు వేసి, తింటే వాంతి అయ్యే మందు లోపల పెట్టి అడవిలో ఉంచారు. జేకు ప్రాణహాని ఏమీ ఉండదు, ఆ రంగు గుడ్డు మీద అసహ్యం మాత్రం పుడుతుంది. ఎంత శ్రద్ధగా ఆలోచించారో చూస్తే ముచ్చటేస్తుంది. అయినా సరే, వేలమంది తినే చోటును పక్షి పొదిగే చోటు కిందే ఉంచి, ఆ పక్కనే గుడ్లకు రంగులేయాల్సి రావడం దేనివల్ల? బల్లలు అక్కడున్నాయి కాబట్టి.

2020 ఆగస్టు 16 తెల్లవారుజామున, తీవ్రమైన ఎండల మధ్యలో, వాన లేని పిడుగులు పడ్డాయి. రాష్ట్రమంతటా వందల చోట్ల మంటలు లేచాయి. శాంతాక్రూజ్ కొండల్లో విడివిడిగా రగిలినవి గాలి తిరగడంతో కలిసిపోయి, 18వ తేదీ రాత్రి బిగ్ బేసిన్ మీద పడ్డాయి. క్యాంపుల్లో ఉన్నవాళ్లను అప్పటికే ఖాళీ చేయించారు. మొత్తం మీద ఆ కార్చిచ్చు 86,509 ఎకరాలను కాల్చింది. దాదాపు 1,500 కట్టడాలు బూడిదయ్యాయి, ఒకరు ప్రాణాలు కోల్పోయారు. పార్కు లోపల వందకు దగ్గరగా కట్టడాలు పోయాయి. 1936 నాటి దుంగల కార్యాలయం, స్టోర్, మ్యూజియం, క్యాబిన్లు, నీటి పైపులు, కాలిబాటల వంతెనలు ఏవీ మిగల్లేదు. అక్కడ పెళ్లి చేసుకున్నవాళ్లు, చిన్నప్పటి నుంచి అవే క్యాబిన్లలో సెలవులు గడిపినవాళ్లు ఆ వార్తకు ఏడ్చారంటే ఆశ్చర్యం లేదు.

చెట్లు మాత్రం బతికాయి. రెడ్‌వుడ్ బెరడు అడుగు మందం దాకా ఉంటుంది, మంటను ఎగదోసే జిగురు అందులో దాదాపు ఉండదు. ఈసారి మంట కొమ్మల చివరల దాకా ఎక్కింది, ఆకు అన్నదే మిగల్లేదు. అయినా కొద్ది నెలల్లో నల్లబడ్డ మానుల మీద కింది నుంచి పై దాకా పచ్చని చిగుళ్లు పొడుచుకొచ్చాయి. కొమ్మలు లేకుండా, బెరడునే అంటుకుని దట్టంగా, సీసాలు కడిగే బ్రష్‌లా కనిపించేవి. పక్కనే ఉన్న డగ్లస్ ఫర్ చెట్లకు ఆ శక్తి లేదు, అవి పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి.

ఆకు లేని చెట్టుకు చిగురు వేసే బలం ఎక్కడిది? పరిశోధకులు అరవై దాకా కాలిన చెట్ల మాను మీద కొంత భాగాన్ని నల్ల ప్లాస్టిక్‌తో కప్పారు. ఆ చీకట్లో మొలిచే చిగురుకు కొత్త ఎండ తగలదు కాబట్టి పాత నిల్వతోనే పెరగాలి. కొన్ని నెలల తర్వాత ఆ చిగుళ్లు తుంచి, వాటిలోని కార్బన్ వయసు లెక్కగట్టారు. చెట్టు కొన్ని దశాబ్దాల కిందటి ఎండతో తయారు చేసి దాచుకున్న చక్కెరలను బయటికి తీసి వాడుకుంటోందని తేలింది. ఆ చిగురు వచ్చిన మొగ్గలు కూడా బెరడు కింద వందల ఏళ్లుగా నిద్రలో ఉన్నవి. 2023లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. చెట్టు ఓర్పును మెచ్చుకోవడంతో ఆగిపోకుండా దీనిలోని హెచ్చరికను కూడా చూడాలి. దశాబ్దాల నిల్వ ఒక్కసారిగా ఖర్చయిపోయింది. మళ్లీ నిండేలోపు ఇంకో పెద్ద మంట వస్తే ఇంతే బాగా కోలుకుంటాయన్న భరోసా లేదు. మర్రెలెట్‌కు కావాల్సిన నాచు కొమ్మ సంగతి ఇంకా కష్టం. చిగురు నెలల్లో వస్తుంది, పక్షి కూర్చునే అంత వెడల్పు కొమ్మకు తరాలు పడుతుంది.

అందుకే ఇప్పుడు తీసుకునే నిర్ణయాలకు ఇంత బరువు. 2021లో కాలిఫోర్నియా పార్కుల శాఖ కొత్త బిగ్ బేసిన్ ఎలా ఉండాలో ఆలోచించే పని మొదలుపెట్టింది. అందులో ముఖ్యమైన అంశం ఒక్కటే: కట్టడాలను పాత చెట్ల కిందికి మళ్లీ తీసుకెళ్లకూడదు. హైవే 236 మీద పార్కు ముఖద్వారం లాంటి శాడిల్ మౌంటెన్ దగ్గర కార్లు ఆపి, టికెట్లు, సమాచారం వంటివి అక్కడే పెట్టి, లోయలోకి షటిల్ బస్సు నడపాలన్నది ఆలోచన. లోపల నడక, చూపు, నిశ్శబ్దం.

దీనికి చెట్టు వైపు నుంచి కూడా గట్టి కారణం ఉంది. అంతటి రెడ్‌వుడ్‌కు తల్లివేరు ఉండదు. వేళ్లు పది పన్నెండు అడుగుల లోతు కూడా దాటకుండా, పక్కలకు వంద అడుగుల దాకా పాకి, పక్క చెట్ల వేళ్లతో పెనవేసుకుంటాయి. ఆ పై మట్టి మెత్తగా ఉంటేనే నీరు, గాలి అందుతాయి. దశాబ్దాలుగా దాని మీద కార్లు, బస్సులు ఆగాయి, తారు పోశారు. నిప్పు వల్ల ఏదైనా మేలు జరిగిందంటే, ఎవరూ కదపలేకపోయిన ఆ తారు గురించి మాట్లాడే అవకాశం వచ్చింది.

రెండో సంగతి నిప్పు గురించే. ఈ కొండల్లో కిరోస్టె, కొటోని వంటి ఆదివాసీ సమూహాలు వేల ఏళ్లు బతికాయి. గింజల కోసం, జింకల మేత కోసం, దారుల కోసం వాళ్లు గడ్డిని, కింది పొదలను అదుపుగా కాల్చేవాళ్లు. 1769లో ఈ తీరం వెంట వెళ్లిన స్పెయిన్ యాత్రికుల డైరీల్లోనే కాల్చిన మైదానాల ప్రస్తావన ఉంది. తర్వాత స్పెయిన్ వాళ్ల క్రైస్తవ మిషన్లు వచ్చాయి, ఆ జనాన్ని ఊళ్లతో సహా పెకిలించాయి, స్పెయిన్ పాలకులు కాల్చడాన్ని నిషేధించారు. ఇరవయ్యో శతాబ్దంలో ఏ మంట కనిపించినా ఆర్పడమే విధానమైంది. పార్కుల శాఖ గత శతాబ్దం చివరి దశకాల్లో అక్కడక్కడా కావాలని చిన్న మంటలు పెట్టినా, పేరుకున్న ఎండు సరుకుతో పోలిస్తే అది చాలా తక్కువ. ఇప్పుడు ఈ ప్రాంతపు మిషన్లకు తరలించిన ఆదివాసీల వారసులైన అమా ముత్సున్ తెగతో కలిసి పనిచేయడం మొదలైంది. ఇది మర్యాద కోసం వేసే బోర్డుగా మిగిలిపోకుండా, ఏ గట్టు ఎప్పుడు కాల్చాలో చెప్పే అధికారం వాళ్లకు దక్కితేనే నిజంగా ఉపయోగం.

ఈ మార్పుల మీద వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా తీసేయాల్సినవి కావు. బుక్ చేసుకుంటేనే పార్కింగ్ అంటే ఇంటర్నెట్, ముందస్తు ప్లానింగ్, తీరిక ఉన్నవాళ్లకే అడవి దక్కుతుంది. శనివారం సెలవుందో లేదో శుక్రవారం రాత్రి దాకా తెలియని ఉద్యోగికి వారాల ముందే స్లాట్ పట్టుకోవడం కుదరదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు కారు చెట్టు దాకా వెళ్లడం ఒక సౌకర్యం మాత్రమే కాదు, చూడగలగడానికి ఉన్న ఒకే దారి. కాబట్టి షటిల్ తరచుగా తిరగాలి, చక్రాల కుర్చీ ఎక్కేలా ఉండాలి, శాంతాక్రూజ్ నుంచి సిటీ బస్సు రోజూ ఉండాలి. బస్సులోనో సైకిల్ మీదో వచ్చేవాళ్లకు బుకింగ్ అక్కర్లేదన్న నియమం 2022లో తెరిచినప్పుడే పెట్టారు. అది మంచి మొదలు. బస్సే సరిగ్గా లేకపోతే ఆ నియమం కాగితం మీదే ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. బిగ్ బేసిన్‌లో చోటు తగ్గితే జనం ఇంట్లో కూర్చోరు. హెన్రీ కోవెల్‌కు, పోర్టోలా రెడ్‌వుడ్స్‌కు, బ్యుటానోకు వెళ్తారు. పోర్టోలా, బ్యుటానోల్లో కూడా మర్రెలెట్ పొదుగుతుంది. ఒక పార్కులో మెతుకులు తగ్గించి ఇంకో పార్కులో పెంచితే పక్షికి ఒరిగేదేమీ లేదు. అన్ని పార్కులనూ కలిపి ఒకే అడవిగా చూసి, తినే చోట్లు, ఆగే చోట్లు పాత చెట్లకు దూరంగా జరపాలి. అది ఒక్క పార్కు ఆఫీసు చేయగలిగే పని కాదు.

అసలు పరీక్ష క్యాంపులు తిరిగి కట్టేటప్పుడు వస్తుంది. పగలు వచ్చి పోయేవాళ్లు ఒక పూట తింటారు. రాత్రి ఉండేవాళ్లు మూడు పూటలా వండుకుంటారు, గిన్నెలు కడుగుతారు, పిల్లలు ఆరుబయట తింటారు. మర్రెలెట్ పొదిగే కాలం మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు మధ్య దాకా. స్కూళ్లకు సెలవులిచ్చి, క్యాంపులకు గిరాకీ తారస్థాయికి చేరే నెలలూ అవే. పాత క్యాంపుల చోట్లలో నీటి లైన్లకు, మురుగు పైపులకు ఒకప్పుడు పెట్టిన ఖర్చు ఉంది, జనానికి జ్ఞాపకాలున్నాయి, అక్కడే మళ్లీ కడితే చవక కూడా. వాటిని వదిలి పాత చెట్లు లేని గట్ల మీదికి జరపాలంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ ఏళ్లు పడతాయి. అంతదాకా రాత్రి బస లేకపోవడం బే ఏరియా కుటుంబాలకు నిజంగా లోటే. ఆ లోటును ఇంకొన్నేళ్లు భరించడానికి జనం సిద్ధపడితేనే పార్కుల శాఖ ఆ ఖర్చుకు, ఆ ఆలస్యానికి నిలబడగలుగుతుంది.